నేల తెరవడమా, వరుస తెరవడమా?

(సాహస గేముల నిర్మాణంపై విజయనగరంలో కంప్యూటర్ సైన్సు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికపై ఉన్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

సాహస గేములలో ఏకమార్గ నిర్మాణం, స్వేచ్ఛా సంచారం అనే రెండు పద్ధతుల తారతమ్యాన్ని గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ విషయం వచ్చినప్పుడు ఏదో ఒక పక్షం తీసుకుని వాదించడం అందరికీ అలవాటు. లీనియర్ గేములో డిజైనర్ ఆటగాడి చేయి పట్టుకుని నడిపిస్తాడని, ఓపెన్ వరల్డ్ గేములో చేయి వదిలేస్తాడని, కనుక మొదటిది పాతబడిన పద్ధతి, రెండవది నేటి పద్ధతి అని తేల్చేస్తారు. నాకు ఆ తీర్పు సమ్మతం కాదు. గేములో తెరవడానికీ మూయడానికీ వీలున్నవి రెండున్నాయి. ఒకటి నేల, అంటే ఆటగాడు తిరగగలిగిన స్థలం. రెండవది వరుస, అంటే ఏ పని అయిన తరువాత ఏ పని చేయాలనే క్రమం. నేల ఎంత విశాలంగా ఉన్నా వరుస బిగించి ఉండవచ్చు. నేల ఒక్క ఇంటికే పరిమితమైనా వరుస వదులుగా ఉండవచ్చు. నేల తెరవాలంటే డబ్బు కావాలి, చిత్రకారులు కావాలి, ఏళ్ళ తరబడి కాలం కావాలి. వరుస తెరవడానికి కావలసింది ప్రధానంగా ఆలోచన. ముగ్గురు నలుగురు మిత్రులు కలిసి ఒక గేము చేయాలనుకుంటున్న మీకు ఈ తేడా చాలా అవసరమని నా అభిప్రాయం.

ముందుగా, నేల తెరిచి వరుస మూసిన గేము ఒకటి చూద్దాం. ఫుమితో ఉయెదా అనే డిజైనర్ బృందం 2005లో ప్లేస్టేషన్ 2 కోసం తెచ్చిన షాడో ఆఫ్ ది కొలోసస్‌లో ఆటగాడికి ఒక గుర్రం, ఒక కత్తి, ఒక విల్లు, మనుషులెవరూ లేని విశాలమైన దేశం దొరుకుతాయి. గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు. అయితే కూల్చవలసిన మహాకాయులు 16, వారి వరుస మొదటి నుంచి చివరి వరకు నిర్ణీతం. కత్తిని ఎండలోకి ఎత్తితే కాంతి ఒకచోట కుదురుకుని తరువాతి మహాకాయుడున్న దిక్కును చూపుతుంది. దారిలో చిల్లర శత్రువులు ఎదురుకారు. పోగుచేసుకోవడానికి పండ్లు, బల్లులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. దీనిని ఓపెన్ వరల్డ్ అనాలా, లీనియర్ అనాలా అని అడిగితే రెండూ అనవచ్చు. అంత నేల అక్కడ ఉన్నది ఎంపికల కోసం కాదు. ఒక మహాకాయుణ్ణి కూల్చి మరొకరి దగ్గరకు పోయే ఆ దీర్ఘమైన స్వారీలో, తాను చేస్తున్నది న్యాయమేనా అన్న సందేహం ఆటగాడిలో మొలకెత్తడానికి కావలసిన వ్యవధిని ఆ నేల ఇస్తుంది.

దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది మిస్ట్. రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అనే అన్నదమ్ములు హైపర్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో మాకింతోష్ కంప్యూటర్ మీద కూర్చి 1993లో విడుదల చేసిన ఈ గేములో పాత్ర నడవడం కూడా ఉండదు. ఒక నిశ్చల చిత్రం మీద నొక్కితే మరొక నిశ్చల చిత్రం వస్తుంది. ఉన్నది ఒక చిన్న దీవి, దాని నుంచి చేరుకునే నాలుగు లోకాలు. ఆ నాలుగింటినీ ఏ వరుసలో చూసినా గేము అభ్యంతరం చెప్పదు, అంటే 24 క్రమాలు సాధ్యం. అంతకన్నా గమనించవలసిన సంగతి మరొకటుంది. ముగింపు చేరడానికి కావలసిన అసలు తాళం ఆటగాడి సంచిలో ఉండదు, అతని జ్ఞాపకంలో ఉంటుంది. దీవిలోని గ్రంథాలయంలో చలిమంట గూటి దగ్గర ఏ గళ్ళు నొక్కాలో, బయట ఏ మీటలు కదపాలో తెలిసినవాడు నాలుగు లోకాల మొహం చూడకుండానే కొన్ని నిమిషాలలో ఆట ముగించగలడు. అంత చిన్న నేల మీద కట్టిన ఈ గేము 60 లక్షలకు మించిన ప్రతులు అమ్ముడై, 2002లో ది సిమ్స్ అనే గేము దాటేవరకు పీసీ గేములన్నిటిలో అమ్మకాలలో మొదటి స్థానంలో నిలిచింది.

ఈ ఇరుకు, ఈ విశాలం ఎక్కడి నుంచి వచ్చాయో చరిత్రలోకి కొంచెం తొంగి చూస్తే తెలుస్తుంది. గుహలలో తిరిగి వాటి పటాలు గీసే అభిరుచి ఉన్న విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్, 1970ల నడుమ, అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు మామత్ గుహలను ఆధారం చేసుకుని తన కుమార్తెల కోసం కేవలం అక్షరాలతో సాగే ఒక గేము రాశాడు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ 1977లో దానిని పెంచాడు. కలోసల్ కేవ్ అడ్వెంచర్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఆ గేము నుంచే ఈ సాహస గేముల వంశం మొదలైంది. మన బొర్రా గుహలలో దీపాలు ఆరిపోతే ఎటు పోవాలో ఒక్కసారి ఊహించుకోండి, ఆ గేము ఆడినవారు కాగితం మీద పటం గీసుకోక తప్పనిస్థితి ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. అక్షరాల గేములో మరొక గది చేర్చాలంటే రెండు వాక్యాలు రాస్తే చాలు, కనుక నేల దాదాపు ఉచితం. 1980లో రాబర్టా విలియమ్స్ మిస్టరీ హౌస్‌తో బొమ్మలు ప్రవేశించాక ప్రతి గదికీ ఒక చిత్రం కావలసి వచ్చింది, తరువాత ఆ చిత్రానికి రంగులు, కదలిక, గొంతు కావలసి వచ్చాయి. నేల ధర ఎక్కినకొద్దీ డిజైనర్లు దానిని కుదించారు, కుదించిన నేల మీదనే ఆటగాణ్ణి ఎక్కువసేపు నిలపడానికి వరుసతో చిక్కులు పెట్టడం నేర్చుకున్నారు.

ఆ చిక్కులలో కొన్ని దుర్మార్గమైనవని చెప్పడానికి నేను సంకోచించను. సియెర్రా సంస్థ 1990లో విడుదల చేసిన కింగ్స్ క్వెస్ట్ ఐదవ భాగంలో ఆటగాడు ‘పై’ (pie) అనే మిఠాయి ఒకటి కొనుక్కుంటాడు. ఆకలి వేసినప్పుడు దానిని తినడానికి గేము అనుమతిస్తుంది. చాలా సేపటి తరువాత మంచుకొండల్లో యెతి అనే మంచుమనిషి ఎదురైనప్పుడు దాని ముఖాన విసరవలసింది సరిగ్గా ఆ మిఠాయినే. తిన్నవాడికి ఇక ముందుకు దారి లేదు, కానీ ఆ సంగతి గేము చెప్పదు, అతడు గంటల తరబడి వెతుకుతూనే ఉంటాడు. చూడడానికి ఇది స్వేచ్ఛే, ఎందుకంటే తినాలా దాచాలా అన్న నిర్ణయం ఆటగాడిదే. నిజానికి అది ఒక్కటే సరైన వరుస ఉన్న గేము, తప్పు వరుసను ముందే ఆపకుండా వదిలేసిన గేము. సాహస గేములు ఎందుకు విసిగిస్తున్నాయో వివరిస్తూ రాన్ గిల్బర్ట్ అనే గేము డిజైనర్ 1989లో ఒక వ్యాసం రాసి, ఇటువంటి మూసుకుపోయే దారులను గట్టిగా ఖండించాడు. మరుసటి ఏడాది, అంటే ఆ కింగ్స్ క్వెస్ట్ వచ్చిన 1990లోనే, తన మాటను ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్‌లో చేసి చూపించాడు.

మంకీ ఐలండ్ మొదటి భాగాన్ని మీలో ప్రతి ఒక్కరూ కాగితం, కలం దగ్గర పెట్టుకుని ఆడాలని నా కోరిక. సముద్రపు దొంగ కావాలనుకునే కుర్రవాడికి మూడు పరీక్షలు పెడతారు: కత్తియుద్ధంలో గెలవాలి, ఒక విగ్రహం దొంగిలించాలి, పాతిన నిధి తవ్వి తీయాలి. మూడూ ఏ వరుసలోనైనా చేయవచ్చు. ఒకదాని దగ్గర బుర్ర పనిచేయకపోతే మరొకదాని దగ్గరకు పోవచ్చు. కత్తియుద్ధం లోపల మళ్ళీ అదే పద్ధతి కనిపిస్తుంది. అక్కడ గెలుపు చేతిలో కాదు, నోటిలో ఉంటుంది; ఎదుటివాడి తిట్టుకు సరైన జవాబు చెప్పినవాడే గెలుస్తాడు. దారిలో తగిలిన దొంగలతో ఓడిపోతూ తిట్లు, జవాబులు నేర్చుకోవాలి, ఎవరి దగ్గర ఏది నేర్చుకున్నా ఫరవాలేదు. చివరికి ఖడ్గవిద్యలో మేటి అయిన ఆమె ఎదుట నిలబడినప్పుడు ఆమె తిట్లు కొత్తవి, కానీ పాత జవాబులే వాటికీ సరిపోతాయి. నేర్చుకునే క్రమం వదులుగా ఉంది, పరీక్ష మాత్రం ఒక్కటే.

ఈ నిర్మాణానికి గిల్బర్ట్ బృందం ఒక పటం వాడింది. దాని పని ఇది: గేము ముగింపును ఒక డబ్బాగా గీసి, అది జరగడానికి ఏమేమి కావాలో వెనక్కి రాసుకుంటూ పోవాలి. ప్రతి డబ్బాకు దానికి ముందు కావలసిన డబ్బాల నుంచి బాణాలు వస్తాయి. మీకు ఇది తెలిసిన గ్రాఫే, టోపలాజికల్ సార్ట్, అంటే ముందు కావలసినవి ముందుండేలా పనులను పేర్చే పద్ధతి, చదువుకున్న వారికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. గీసిన పటం ఒకే పొడవాటి గొలుసుగా కనిపిస్తే, ఒక్క పజిల్ దగ్గర ఆగిన ఆటగాడికి గేమంతా ఆగిపోతుంది. పటం మరీ వెడల్పుగా ఉంటే ఏ పని ముఖ్యమో తెలియక ఆటగాడు నీరసపడతాడు, కథ కూడా కదలదు. పని చేసే పటం కొంతదూరం వెడల్పై, ఒకచోట సన్నబడి, మళ్ళీ వెడల్పవుతుంది. సన్నబడిన చోట కథ ముందుకు జరుగుతుంది.

సన్నబడిన చోట్లు ఎందుకు కావాలో లెక్కతో చూడండి. తొమ్మిది పనులు ఏ వరుసలోనైనా చేయవచ్చని పెడితే సాధ్యమైన క్రమాలు 3,62,880. మాట్లాడే ప్రతి పాత్రా అప్పటికి ఆటగాడికి ఏమి తెలుసో, ఏమి తెలియదో సరిచూసుకుని మాట్లాడాలి. అవే తొమ్మిదిని మూడేసి చొప్పున మూడు గుంపులు చేసి, ఒక గుంపు పూర్తయితేనే తరువాతిది తెరుచుకునేలా పెడితే క్రమాలు 6ను 6తో, మళ్ళీ 6తో గుణిస్తే వచ్చే 216. ఆటగాడికి చాలావరకు రెండు మూడు పనులు చేతిలో ఉంటాయి, రాసేవారికి, పరీక్షించేవారికి పని సాధ్యమైన హద్దులో ఉంటుంది.

విజయనగరంలో నిలబడి ఈ మాట చెప్పడానికి హరికథ కన్నా దగ్గరి పోలిక నాకు దొరకదు. ఆదిభట్ల నారాయణదాసుగారు సంగీత కళాశాలకు అధ్యక్షత వహించిన ఊరు ఇది. హరికథకుడు రుక్మిణీ కల్యాణం ఎత్తుకుంటే కల్యాణం జరిగి తీరాలి, అది సన్నబడే చోటు. నడుమ ఏ పిట్టకథ చెప్పాలి, ఏది విడవాలి, ఏ పద్యం రెండుసార్లు అందుకోవాలి అన్నది ఆనాటి సభను బట్టి దాసుగారు నిర్ణయిస్తారు. సభ ఆవులిస్తోందో, చెవులు రిక్కించిందో ఆయనకు కనిపిస్తుంది. గేము రాసేవారికి ఆ సౌకర్యం లేదు. ఆటగాడు విసిగినప్పుడు మనం అక్కడ ఉండం. అందుకే దాసుగారు అక్కడికక్కడ చేసే ఎంపికను మనం ఆటగాడి చేతికే ఇస్తాం, ఇచ్చేముందు పదిమందిని ఎదుట కూర్చోబెట్టి, నోరు మెదపకుండా వారు ఆడుతుంటే చూస్తాం. ప్లేటెస్ట్ చేసేటప్పుడు నోరు మెదపకపోవడం ఎంత కష్టమో మీకు త్వరలో తెలుస్తుంది.

ఇక, నేల, వరుస రెండూ తెరిచిన గేములు. ఇక్కడ నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 2019లో మోబియస్ డిజిటల్ సంస్థ తెచ్చిన ఔటర్ వైల్డ్స్. అలెక్స్ బీచమ్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో పట్టా కోసం చేసిన ప్రాజెక్టుగా ఇది మొదలైందని తెలిస్తే మీకు కొంత ఉత్సాహం కలగవచ్చు. ఒక చిన్న సౌరకుటుంబం, ఒక చెక్క అంతరిక్ష నౌక, 22 నిమిషాల కాలం. ఆ గడువు తీరగానే సూర్యుడు పేలిపోతాడు, ఆటగాడు మొదటి చోటనే మళ్ళీ కళ్ళు తెరుస్తాడు. నౌక ఎగరడానికి కావలసిన సంకేతాలు చేతికి వచ్చాక ఏ గ్రహానికైనా పోవచ్చు. కత్తులు పదునెక్కవు, శక్తులు పెరగవు, కొత్త తలుపుకు కొత్త తాళంచెవి దొరకదు. పెరిగేది ఆటగాడికి తెలిసిన సంగతుల చిట్టా ఒక్కటే, దానిని నౌకలోని దినచర్య పుస్తకం ఒక పటంగా కూర్చి చూపుతుంది. చివరి రహస్యం తెలిసినవాడు మొదటి 22 నిమిషాలలోనే గేము ముగించగలడు. మిస్ట్ దగ్గర మనం చూసిన తాళమే ఇదీ. ఏమి తెలుసుకోవాలో మాత్రం నేను చెప్పను; చెబితే మీరు ఆ గేమును ఆడే అవకాశం మీ చేతిలోంచి తీసుకున్నవాణ్ణవుతాను.

నిన్టెండో 2017లో తెచ్చిన జెల్డా, అంటే బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, మరొక రకంగా ఆలోచించింది. మొదట ఒక ఎత్తైన పీఠభూమి మీద ఆటగాణ్ణి ఉంచి, నాలుగు చిన్న మందిరాలు ఏ వరుసలోనైనా పూర్తి చేయిస్తుంది. అవి అయితే గాలిలో తేలే తెరచాప ఇస్తుంది. ఆ తరువాత కోరుకుంటే నేరుగా చివరి శత్రువు ఉన్న కోటకే పోవచ్చు. అంత పెద్ద గేము తన తొలి గంటల్లో మంకీ ఐలండ్ మొదటి భాగం వంటి చిన్న వజ్రాకారపు పటమే వాడుకుందన్న సంగతి గమనించండి. కొండలను త్రికోణాలుగా భావించి, ఎక్కాలా చుట్టి పోవాలా అన్న ప్రశ్నను ప్రతిచోటా కలిగించేలా, ఏ వైపు పోయినా వెనుక దాగిన కొత్త వస్తువు బయటపడేలా నేలను దిద్దామని తయారీదారులు ఆ ఏడాదే జపాన్‌లో ఒక సదస్సులో వివరించారు. అంతకుముందు అసాసిన్స్ క్రీడ్ వంటి గేములలో ఒక గోపురం ఎక్కగానే ఆ ప్రాంతపు పనులన్నీ ఐకాన్లుగా మ్యాప్ మీద పరుచుకునేవి, ఆటగాడు వాటిని ఒక్కొక్కటిగా తుడుచుకుంటూ పోయేవాడు. జెల్డాలో గోపురం ఎక్కితే నేల ఆకారం మాత్రమే తెలుస్తుంది, గుర్తులు పెట్టుకోవడం ఆటగాడి పని. ఐకాన్ల మ్యాప్‌లో నేలా తెరిచే ఉంటుంది, వరుసా తెరిచే ఉంటుంది, కానీ తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. నన్ను అడిగితే అటువంటి గేము లీనియర్ గేము కన్నా ఎక్కువ మూసుకుపోయినది.

కథ సంగతి కూడా చెప్పాలి. నేల, వరుస రెండూ తెరిస్తే తొందర అనేది చచ్చిపోతుంది. 2015 నాటి విచర్ 3లో కథానాయకుడు కూతురులా పెంచిన పిల్ల ప్రాణాపాయంలో ఉండగా, ఆటగాడు ఊరూరా పేకాట ఆడుతూ కూర్చోవచ్చు. జెల్డా ఈ చిక్కును ముందే ఊహించి, విపత్తు జరిగి నూరేళ్ళయిందని చెప్పింది. జరగవలసింది జరిగిపోయింది కనుక, 12 ఛాయాచిత్రాల వెంట పాత జ్ఞాపకాలను ఏ వరుసలో ఏరుకున్నా అర్థం చెడదు.

తొందర కావాలనుకున్నప్పుడు వరుస మూయవలసిందే. 2009లో నాటీ డాగ్ సంస్థ తెచ్చిన అన్‌చార్టెడ్ 2లో కదులుతున్న రైలు మీద సాగే సుదీర్ఘమైన పోరాటం, ఆ రైలు ప్రమాదం, మంచులో నడక, దాని వెంటనే టిబెట్ పల్లెలో ఆయుధం ఎత్తకుండా మెల్లగా నడుస్తూ పల్లెవాసులతో చేతులు కలపడం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఆ పల్లె ప్రశాంతతకు బలం ఇచ్చేది దానికి ముందున్న రైలు. ఆటగాడికి వరుస వదిలేస్తే పల్లె ముందు, రైలు తరువాత వచ్చే ప్రమాదం ఉంది, అప్పుడు రెండూ చప్పబడతాయి. ఏకమార్గ నిర్మాణాన్ని బలహీనత అనుకునేవారు ఈ అధ్యాయాలను వరుస మార్చి ఊహించుకుంటే చాలు.

మీలో కొందరు ఈ ప్రాంతం నేపథ్యంగా గేము చేయాలనుకుంటున్నారని విన్నాను. బొబ్బిలి నుంచి కళింగపట్నం వరకు మొత్తం మ్యాప్ గీయాలన్న ఆలోచన ఉందట. దయచేసి ఆ పని పెట్టుకోకండి. 1713 నాటి మన కోట ఒక్కటి తీసుకోండి. కాలం పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ళ రాత్రి, అంటే సిరిమాను ఉత్సవానికి ముందు రాత్రి. పోయిన ఒక వస్తువు కోసం వెతకాలి. నగారాఖానా ద్వారం దగ్గర ఒక ఆచూకీ, మోతీమహల్‌లో ఒకటి, కందకం గట్టున ఒకటి. మూడూ ఏ వరుసలోనైనా. ఆ మూడు చోట్లా ఉన్నవారిలో ఒక్కొక్కరు చెప్పేది సగం, మూడూ కలిస్తేనే ఎవరు అబద్ధమాడారో తేలుతుంది. తెల్లవారితే మంగళవారం, పూజారి కూర్చునే పొడవాటి మాను అయిన సిరిమాను కదులుతుంది. ఇక అక్కడ ఎంపిక పెట్టవద్దు. గుడికీ కోటకూ నడుమ సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ దారి వెంట జనంలో ఆటగాణ్ణి నడిపించండి. 2018లో లూకస్ పోప్ తెచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్‌లో ఉన్నది ఒక్క ఓడ, దాని మీది 60 మంది. ఎవరు ఎవరో, ఎలా పోయారో తేల్చాలి, మూడు సరిగ్గా కుదిరితేనే గేము ఒప్పుకుంటుంది. ఊహించి కొట్టుకుంటూ పోయేవాణ్ణి ఆపడానికి ఆ మూడు అనే నియమం ఒక్కటే చాలింది. మీ కోటకూ అది పనికొస్తుంది.

ఇంతవరకు ఓపికగా విన్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఏకమార్గ గేము ఒకసారి ఆడేస్తే మళ్ళీ ఎవరూ ఆడరు కదా, అమ్ముడుపోతుందా?)

అమ్మా, ఔటర్ వైల్డ్స్ కూడా తెలిసిపోయాక మళ్ళీ మొదటిసారిలా ఆడడం కుదరదు. మళ్ళీ ఆడడానికీ, నేల వెడల్పుకూ సంబంధం తక్కువ. పుణెలోని నోడింగ్ హెడ్స్ బృందం 2020లో తెచ్చిన ‘రాజీ’ అనే గేము ఏకమార్గ గేమే. చిన్న బృందం చిన్న నిడివిలో కథను ముగించాలనుకుంటే ఆ దారిలో తప్పులేదు. ఎంత అమ్ముడవుతుందో నేను చెప్పలేను కానీ, సగంలో ఆగిపోయిన పెద్ద మ్యాప్ అసలు అమ్మకానికే రాదు.

(ఒక విద్యార్థి: ఆటగాడు తప్పిపోతే తెర మీద బాణం గుర్తు పెట్టమంటారా సార్?)

ముందు బాణం లేకుండా చేయండి బాబూ. ఎటు చూసినా కనిపించే ఎత్తైన వస్తువు ఒకటి పెట్టండి. 2012 నాటి జర్నీ అనే గేములో దూరాన మెరిసే కొండ శిఖరం ఆ పని చేసింది. చీకటి చోట దీపం పెట్టండి, పాత్రల మాటల్లో దిక్కు చెప్పించండి. అప్పుడు ఆడించి చూడండి. అందరూ ఒకే మలుపు దగ్గర తప్పిపోతుంటే ఆ మలుపును దిద్దాలి. ఒక్కొక్కరు ఒక్కో చోట తప్పిపోతుంటే, సెట్టింగ్స్‌లో బాణం పెట్టి, దానిని మొదట ఆపి ఉంచండి, కావలసినవారు తెరుచుకుంటారు.